ఆఫ్ సీజన్‌లో లూవ్ర్ మ్యూజియం: తరచుగా అడిగే ప్రశ్నలు

పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియానికి చలికాలంలో వెళ్తే ఖాళీగా ఉంటుందట కదా అని చాలామంది అడుగుతుంటారు. ఖాళీగా ఉండదు. కానీ వేసవిలో దొరకనిది ఒకటి అప్పుడు దొరుకుతుంది. ఏ రోజు వెళ్లాలి, ఏ గంటకు వెళ్లాలి, ముందు ఏ గదిలోకి నడవాలి అన్నది మన చేతిలో ఉంటుంది. కింద ఉన్న జవాబులన్నీ దాదాపు దాని గురించే.

లూవ్ర్‌కు ఆఫ్ సీజన్ అంటే ఏ నెలలు?

స్థూలంగా నవంబర్ నుంచి మార్చి దాకా. అయితే మధ్యలో మూడు చోట్ల సీజన్ మళ్లీ తలెత్తుతుంది. అక్టోబర్‌లో మొదలై నవంబర్ మొదటి రోజుల దాకా సాగే ఫ్రాన్స్ బడి సెలవులు ఒకటి. క్రిస్మస్, కొత్త సంవత్సరం చుట్టూ ఉండే రెండు వారాలు ఇంకొకటి. మూడోది ఫిబ్రవరి సెలవులు. దీన్నే చాలామంది లెక్కలోకి తీసుకోరు. ఫ్రాన్స్‌ను మూడు జోన్లుగా విడగొట్టి, ఒక్కో జోన్‌కు ఒక్కో రెండు వారాలు సెలవులిస్తారు. అందుకే ఫిబ్రవరిలో మొదలైన ఈ హడావుడి మార్చి మొదటి వారం దాకా సాగుతుంది. ఒక ఊరి పిల్లలు తిరిగి బడికెళ్లేసరికి ఇంకో ఊరి పిల్లలు పారిస్‌లో దిగుతారు.

ఇవి తీసేస్తే మిగిలేవి రెండు మంచి కాలాలు. ఒకటి నవంబర్ రెండో వారం నుంచి డిసెంబర్ మధ్య దాకా. రెండోది జనవరి రెండో వారం నుంచి ఫిబ్రవరి సెలవులు మొదలయ్యేదాకా. రెండింట్లో ఒకటే ఎంచుకోమంటే నేను జనవరికే ఓటేస్తాను. డిసెంబర్‌లో దీపాలు, సంతలు చూడ్డానికి వచ్చేవాళ్లు మ్యూజియానికీ వస్తారు. జనవరిలో ఆ సందడి ఉండదు.

చలికాలంలో నిజంగా జనం తగ్గుతారా?

తగ్గుతారు గానీ మీరు ఊహించుకున్నంత కాదు. 2024లో లూవ్ర్‌కు 87 లక్షల మంది వచ్చారు. మంగళవారాలు, మరో మూడు సెలవులు తీసేస్తే మ్యూజియం ఏడాదిలో సుమారు 310 రోజులు తెరిచి ఉంటుంది. అంటే సగటున రోజుకు 28 వేల మంది. మ్యూజియం తనకు తానుగా పెట్టుకున్న పరిమితేమో రోజుకు 30 వేలు. సగటే పరిమితికి అంత దగ్గరగా ఉందంటే, వేసవిలో దాదాపు రోజూ నిండిపోతుందనీ, చలికాలంలో కూడా వేల మంది ఉంటారనీ అర్థం.

తేడా తెలిసేది రెండు చోట్ల. మొదటిది టికెట్ల దగ్గర. వేసవిలో వారాల ముందే స్లాట్లు అయిపోతాయి, చలికాలంలో కొద్ది రోజుల ముందు చూసినా నచ్చిన గంట దొరికే అవకాశం ఎక్కువ. రెండోది మోనాలిసా గదికి దూరంగా ఉన్న గ్యాలరీల్లో. జనమంతా నాలుగైదు పేరున్న బొమ్మల చుట్టూనే మూగుతారు కాబట్టి, సంఖ్య కాస్త తగ్గినా మిగతా గదుల్లో నిశ్శబ్దం చాలా పెరుగుతుంది.

వారంలో ఏ రోజు మంచిది?

మంగళవారం మ్యూజియానికి సెలవు. దీన్ని మర్చిపోయి పిరమిడ్ ముందు ఫొటో దిగి వెనక్కి వచ్చేవాళ్లు ప్రతి వారం ఉంటారు.

సోమవారం వద్దు. ఆ రోజు పారిస్‌లోని మరో పెద్ద మ్యూజియం ఓర్సే మూసి ఉంటుంది. ఆధునిక కళల మ్యూజియం ఉన్న పోంపిదూ సెంటర్ 2025 సెప్టెంబర్‌లో మరమ్మతుల కోసం మూతపడింది, మళ్లీ తెరిచేది 2030లోనే. దాంతో బొమ్మలు చూడాలనుకునేవాళ్లకు సోమవారం పెద్ద దిక్కు లూవ్రే అవుతుంది. బుధవారం ఉదయం కూడా అంత మంచిది కాదు, ముందు రోజు మూసి ఉన్నందువల్ల ఆగిపోయినవాళ్లంతా అప్పుడే వస్తారు. శని, ఆదివారాల సంగతి చెప్పక్కర్లేదు. ఇక మిగిలింది గురువారం పగలు, లేదా బుధ, శుక్రవారాల సాయంత్రం.

ఉదయం వెళ్లాలా, సాయంత్రమా?

మ్యూజియం ఉదయం 9 నుంచి సాయంత్రం 6 దాకా తెరిచి ఉంటుంది. బుధ, శుక్రవారాల్లో రాత్రి 9 దాకా. మూసే సమయానికి గంట ముందు లోపలికి పంపడం ఆపేస్తారు, అరగంట ముందు నుంచే గదులు ఖాళీ చేయిస్తారు. కాబట్టి రాత్రి 9 అంటే మన లెక్కలో 8.30 అనుకోవాలి.

ఆఫ్ సీజన్‌లో అన్నిటికన్నా మంచిది శుక్రవారం సాయంత్రం అని నా అభిప్రాయం. టూర్ బస్సుల్లో వచ్చే గుంపులు 5 గంటలకల్లా వెళ్లిపోతాయి. బయట చలి, చీకటి. వేసవిలో అయితే ఆ సమయానికి వెలుతురుంటుంది కాబట్టి జనం ఇంకా వస్తూనే ఉంటారు. చలికాలంలో చాలామంది హోటల్ గదికి చేరుకుంటారు. ఆ రెండు మూడు గంటలు మీవి.

ఉదయమే వెళ్లాలనుకుంటే 9 గంటల స్లాట్ తీసుకోండి, కానీ లోపలికి వెళ్లాక అందరూ పరిగెత్తే వైపు పరిగెత్తకండి. మ్యూజియానికి మూడు భాగాలు: దెనాన్, సల్లీ, రిషెల్యూ. తొలి గంటలో జనమంతా మోనాలిసా కోసం దెనాన్‌లోకి దూరతారు. మీరు రిషెల్యూకో సల్లీకో తిరిగితే కాపలా సిబ్బంది తప్ప ఎవరూ కనిపించని గదులు కూడా ఉంటాయి.

టికెట్ ఎంత? ముందే కొనాలా?

2026 జనవరి 14 నుంచి రెండు ధరలు అమల్లోకి వచ్చాయి. యూరోపియన్ ఆర్థిక ప్రాంతం, అంటే యూరోపియన్ యూనియన్ దేశాలతో పాటు నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టైన్‌లకు చెందనివాళ్లకు టికెట్ 32 యూరోలు. అంతకుముందు అందరికీ 22 యూరోలే ఉండేది. ఒక్కసారిగా 10 యూరోల పెంపు, అదీ మనలాంటివాళ్ల మీదే, అని గుర్రుగా ఉన్నవాళ్లు చాలామంది. ధర అంత పెట్టాక రెండు గంటల్లో చూసి వచ్చేయడం ఎలాగూ బాగోదు కాబట్టి, ఆ రోజు ఇంకో పెద్ద కార్యక్రమం పెట్టుకోకండి.

ముందే కొనాలా అంటే, కొనాలి. ఆఫ్ సీజన్‌లో కూడా టైమ్ స్లాట్ ఉన్న టికెట్‌తో వెళ్తేనే నిశ్చింత. మ్యూజియం సొంత వెబ్‌సైట్‌లోనే కొనండి. వేరే సైట్లు ‘క్యూ లేకుండా ప్రవేశం’ అని చెప్పి ఎక్కువ ధరకు అమ్ముతాయి. బ్యాగుల స్కానింగ్ లైన్ ఎవరూ తప్పించలేరు, వాళ్లు అమ్మేది మామూలు స్లాటే. చాలా మ్యూజియాలకు కలిపి ఒకే టికెట్‌లా పనికొచ్చే పారిస్ మ్యూజియం పాస్ ఉన్నవాళ్లు కూడా లూవ్ర్‌కు విడిగా స్లాట్ బుక్ చేసుకోవాలి. పాస్ ఉంది కదా అని నేరుగా వెళ్లి గేటు దగ్గర వాదించి లాభం లేదు.

ఉచితంగా ఎవరికి?

18 ఏళ్లలోపు పిల్లలందరికీ, ఏ దేశం వాళ్లైనా. 26 ఏళ్లలోపు ఉండి యూరోపియన్ ఆర్థిక ప్రాంతంలో నివసిస్తున్నవాళ్లకు కూడా. ఇక్కడ చూసేది నివాసం, పాస్‌పోర్టు రంగు కాదు. అంటే జర్మనీలోనో ఫ్రాన్స్‌లోనో ఎమ్మెస్ చదువుతున్న 24 ఏళ్ల తెలుగు కుర్రాడు రెసిడెన్స్ కార్డు చూపిస్తే టికెట్ డబ్బు కట్టక్కర్లేదు. అలా వెళ్లేవాళ్లు కార్డు ఫొటో కాకుండా అసలు కార్డే జేబులో పెట్టుకోవాలి. దివ్యాంగులకు, వాళ్లకు తోడుగా వచ్చే ఒకరికి కూడా ప్రవేశం ఉచితమే. ఉచితమైనా స్లాట్ మాత్రం బుక్ చేసుకోండి.

వీసా రాకముందే టికెట్ కొనేయాలా?

వద్దు. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా పెట్టాలి. పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు. మ్యూజియం టికెట్ చూపించమని వీసాకు ఎవరూ అడగరు. చలికాలం స్లాట్లు వీసా వచ్చాక కూడా దొరుకుతాయి కాబట్టి టెన్షన్ పడక్కర్లేదు.

ఏ గేటు నుంచి వెళ్లాలి?

అందరికీ తెలిసిన గాజు పిరమిడ్ ఒకటి. ఐ.ఎం. పే రూపకల్పనలో 1989లో తెరిచారు. చూడ్డానికి అద్భుతం, జనవరిలో దాని ముందు ఈదురుగాలిలో నిలబడి స్కానింగ్ కోసం వేచి ఉండడం మాత్రం అద్భుతం కాదు. చలికాలంలో భూగర్భంలోని కారుసెల్ దారి పట్టుకోండి. మెట్రో 1 లేదా 7 లైన్‌లో ‘పలే రాయల్ – మ్యూజే ద్యు లూవ్ర్’ స్టేషన్‌లో దిగితే, బయటికి ఎక్కకుండానే కారుసెల్ దుకాణాల మధ్య నుంచి తలకిందుల పిరమిడ్ దాకా నడిచి లోపలికి వెళ్లొచ్చు. వాన పడ్డా తడవరు. పిరమిడ్‌ను తిరిగి వచ్చేటప్పుడు బయటి నుంచి తీరిగ్గా చూసుకోండి, దీపాలు వెలిగాక ఇంకా బాగుంటుంది.

ఆఫ్ సీజన్‌లో అయినా మోనాలిసాను దగ్గరగా చూడగలమా?

ఆ ఒక్క గది విషయంలో సీజన్, ఆఫ్ సీజన్ అన్న తేడా చాలా తక్కువ. మ్యూజియం చెప్పే లెక్క ప్రకారం రోజుకు దాదాపు 20 వేల మంది ఆ బొమ్మ కోసం వస్తారు. బొమ్మేమో 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పు. పోప్లర్ చెక్క మీద వేసింది. మందపాటి అద్దం వెనక, కంచెకు అవతల ఉంటుంది. వేసవిలో మీ ముందు పది వరసల ఫోన్లు ఉంటే చలికాలంలో నాలుగైదు ఉంటాయి. మీ వంతు రాగానే కొద్ది క్షణాలు చూసి పక్కకు జరగాలి.

ఉన్నంతలో మంచి సమయం బుధ, శుక్రవారాల్లో రాత్రి 7.30 తర్వాత. గది ఖాళీ చేయించే ముందు వచ్చే ఆ కాస్త సమయంలో ముందు వరసకు చేరడం కష్టం కాదు.

అయితే ఆ గదిలోకి వెళ్లాక ఒక్కసారి వెనక్కి తిరగండి. మోనాలిసాకు ఎదురు గోడ మీద ఇటలీ చిత్రకారుడు వెరొనీజ్ 1563లో పూర్తి చేసిన ‘కానా పెళ్లి విందు’ ఉంటుంది. దాదాపు 10 మీటర్ల వెడల్పు, 6.77 మీటర్ల ఎత్తు. లూవ్ర్‌లో ఉన్న వర్ణచిత్రాల్లో ఇదే అతి పెద్దది. వెనిస్‌లో ఒక మఠం భోజనశాల గోడ కోసం వేసిన దాన్ని 1797లో నెపోలియన్ సేనలు ముక్కలుగా కోసి ఫ్రాన్స్‌కు తెచ్చాయి. నూటికి పైగా మనుషులు, కుక్కలు, పిల్లి, వాయిద్యాలు, వెండి పళ్లేలు. ఇంత పెద్ద పెళ్లి జరుగుతుంటే గదిలో ఉన్నవాళ్లంతా దానికి వీపు చూపించి నిలబడి ఉంటారు! మోనాలిసా కోసం వరసలో ఉండగానే దీన్ని తీరిగ్గా చూసేయొచ్చు. అసలు ఆ నిరీక్షణకు నిజమైన ఫలితం ఇదే అనిపిస్తుంది నాకు.

మోనాలిసా ఒక్కటే కాకుండా ఇంకేం చూడాలి?

ప్రదర్శనలో ఉన్నవే దాదాపు 35 వేలు. ‘తప్పక చూడాల్సిన 50’ లాంటి పట్టిక పెట్టుకుంటే చూసినట్టు టిక్కులు మిగులుతాయి, చూసిన జ్ఞాపకం మిగలదు. ఆఫ్ సీజన్‌లో వెళ్లడం వల్ల వచ్చే లాభం జనం వెళ్లని గదుల్లోనే ఉంది కాబట్టి నా సలహా కూడా అటే.

రిషెల్యూ భాగం గ్రౌండ్ ఫ్లోర్‌లో ఖొర్సాబాద్ ప్రాంగణం ఉంది. ఇరాక్‌లో క్రీ.పూ. 8వ శతాబ్దంలో అస్సీరియా రాజు రెండో సార్గోన్ కట్టించిన కోట గుమ్మాలకు కాపలాగా నిలిపిన రెక్కల ఎద్దులు ఇక్కడున్నాయి. మనిషి తల, ఎద్దు ఒళ్లు, గద్ద రెక్కలు, 4 మీటర్లకు పైగా ఎత్తు. ఎదురుగా నిలబడి చూస్తే రెండు కాళ్ల మీద నిశ్చలంగా నిలబడినట్టు, పక్కకు వెళ్లి చూస్తే నాలుగు కాళ్లతో నడుస్తున్నట్టు ఉంటుంది. మొత్తం లెక్కపెడితే ఐదు కాళ్లు తేలతాయి. శిల్పి చేసిన ఈ తమాషా తెలియాలంటే దాని చుట్టూ తిరగాలి, కాస్త వెనక్కి తగ్గాలి, మళ్లీ దగ్గరికి రావాలి. ఆగస్టు గుంపులో ఇది కుదరదు. పక్క గదిలోనే బాబిలోన్ రాజు హమ్మురాబీ శాసనం ఉంది. 2.25 మీటర్ల నల్లరాయి, దాని నిండా చిన్న చిన్న అక్షరాల్లో 282 చట్టాలు. తప్పుడు కట్టడం కూలి ఇంటి యజమాని చస్తే కట్టినవాడికి మరణశిక్ష అన్న చట్టం కూడా అందులోదే. రాయి పైభాగంలో రాజు, కూర్చున్న సూర్యదేవుడి ముందు నిలబడి ఉంటాడు. చాలామంది కింది అక్షరాలు చూసి పైకి చూడకుండా వెళ్లిపోతారు.

అదే రిషెల్యూలో రెండో అంతస్తుకు ఎక్కితే నెదర్లాండ్స్, ఫ్లాండర్స్ చిత్రకారుల గదులు. ఫ్రాన్స్ రాణి మరీ ద మెదీచీ జీవితం మీద రూబెన్స్ వేసిన 24 భారీ చిత్రాలు ఒకే హాల్లో ఉన్నాయి. ఆ హంగామా అంతా చూసి వెర్మీర్ గదికి వెళ్తే ‘లేసు అల్లే అమ్మాయి’ కనిపిస్తుంది. 24 సెంటీమీటర్లు బై 21, నోటుపుస్తకం పేజీ అంత. ముక్కు దగ్గరగా పెట్టి చూడాల్సిన బొమ్మ. ఇద్దరు ముగ్గురికి మించి ఒకేసారి చూడలేరు కాబట్టి ఆఫ్ సీజన్ కోసమే వేసినట్టుంటుంది.

సల్లీ భాగంలో నేలమాళిగకు దిగితే 1190 ప్రాంతంలో ఫిలిప్ అగస్టస్ రాజు కట్టించిన కోట పునాదులు ఉన్నాయి. లూవ్ర్ మొదట కోట, తర్వాత రాజభవనం, 1793లో ప్రజల మ్యూజియం. ఆ కోట కందకంలో మీరు నడుచుకుంటూ వెళ్లొచ్చు. పక్కనే ఈజిప్టులోని తానిస్ నుంచి తెచ్చిన, సింహం ఒళ్లు, మనిషి తల ఉన్న పెద్ద స్ఫింక్స్ శిల్పం, అక్కణ్నుంచి ఈజిప్టు గదులు.

సమొత్రాకే విజయదేవత, మిలో వీనస్ అనే ప్రాచీన గ్రీకు శిల్పాల దగ్గర ఏ కాలమైనా జనం ఉంటారు. విజయదేవత మెట్ల పైన ఎత్తుగా ఉంటుంది కాబట్టి గుంపు పెద్దగా అడ్డు రాదు. కింది మెట్టు మీద నుంచే మొదటిసారి చూడండి, పైకి ఎక్కేకొద్దీ రెక్కలు విప్పుకుంటున్నట్టుంటుంది.

చలికాలం పగటి వెలుతురు తక్కువ కదా, లోపల దాని ప్రభావం ఉంటుందా?

ఉంటుంది, దీన్ని ఎవరూ ముందుగా చెప్పరు. డిసెంబర్ చివర్లో పారిస్‌లో ఉదయం 8.40కి గానీ సూర్యుడు రాడు, సాయంత్రం 5 లోపే అస్తమిస్తాడు. ఆకాశం ఎక్కువ రోజులు బూడిద రంగులోనే ఉంటుంది. రిషెల్యూలో మార్లీ, ప్యూజే ప్రాంగణాలకు గాజు కప్పు ఉంది. అక్కడి పాలరాతి శిల్పాలు పగటి వెలుతురులో ఒకలా, దీపాల కింద ఇంకోలా ఉంటాయి. వాటిని ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 మధ్యలో చూసేయండి. ఇటలీ చిత్రాలున్న గ్రాండ్ గ్యాలరీకి కూడా వెలుతురు పైకప్పు నుంచే వస్తుంది. సాయంత్రం స్లాట్‌లో వెళ్లేవాళ్లు 3.30కల్లా లోపల ఉంటే ముందు ప్రాంగణాలు చూసి, చీకటి పడ్డాక చిత్రాల గదులకు వెళ్లొచ్చు.

కోట్లు, బ్యాగులు ఎక్కడ పెట్టాలి?

జనవరిలో పారిస్‌లో ఉష్ణోగ్రత 3 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంటుంది, లోపల వెచ్చగా ఉంటుంది. మందపాటి కోటు వేసుకుని మూడు గంటలు తిరిగితే చెమట పట్టి, విసుగొచ్చి, బొమ్మల మీద కోపం వస్తుంది. లాకర్లు ఉచితం, కోటు అక్కడ పడేయండి. 55 × 35 × 20 సెంటీమీటర్లు దాటిన సూట్‌కేసులను మాత్రం లోపలికే రానివ్వరు. విమానం దిగి నేరుగా వచ్చే ఆలోచన ఉంటే మానుకోండి. మెత్తని బూట్లు వేసుకోండి, అంతా రాతి నేల.

చలికాలంలో కొన్ని గ్యాలరీలు మూసేస్తారా?

ఏ కాలంలోనైనా కొన్ని గదులు మూసే ఉంటాయి. సిబ్బంది సరిపోక కొన్ని గదుల్ని వారంలో ఫలానా రోజుల్లోనే తెరుస్తారు. ఆ పట్టిక మ్యూజియం వెబ్‌సైట్‌లో ఉంటుంది. టికెట్ కొనే ముందే చూడండి, కొన్నాక కాదు. మీరు ప్రత్యేకంగా ఒక బొమ్మ కోసమే వెళ్తుంటే 2021లో పెట్టిన ఆన్‌లైన్ కలెక్షన్ల సైట్‌లో దాని పేరు వెతకండి. ఇప్పుడు ప్రదర్శనలో ఉందో లేదో, ఏ గదిలో ఉందో అక్కడ రాసి ఉంటుంది. బొమ్మలు వేరే మ్యూజియాలకు అరువు వెళ్తుంటాయి.

కట్టడం పాతది కావడం ఇంకో చిక్కు. 2025 నవంబర్‌లో దూలాలు బలహీనపడ్డాయని గ్రీకు కుండలున్న కంపానా గ్యాలరీని మూసేశారు. అంతకు నెల ముందు, అక్టోబర్ 19న ఆదివారం ఉదయం, దొంగలు సామాన్లు ఎక్కించే లిఫ్టు వాహనంతో అపోలో గ్యాలరీ కిటికీకి చేరి ఎనిమిది రాచనగలు ఎత్తుకెళ్లారు. ఒకప్పటి ఫ్రాన్స్ మహారాణి యూజెనీ కిరీటం మాత్రం పారిపోతూ కింద పడేశారు. పోయిన వాటి విలువ 8.8 కోట్ల యూరోలని అధికారులు చెప్పారు.

ఆ గ్యాలరీతో తెలుగువాళ్లకు ఒక చుట్టరికం ఉంది. అక్కడుండే 140 క్యారట్ల రీజెంట్ వజ్రం కృష్ణా తీరంలోని కొల్లూరు గనుల్లో దొరికిందే. దొంగలు దాన్ని తీసుకెళ్లలేదు. అయితే చోరీ తర్వాత మిగిలిన నగల్లో కొన్నింటిని బ్యాంక్ ఆఫ్ ఫ్రాన్స్ ఖజానాకు తరలించారు కాబట్టి, మన వజ్రాన్ని చూడాలన్న ఆశతోనే టికెట్ కొనేవాళ్లు ముందు గ్యాలరీ పరిస్థితి కనుక్కోవాలి.

ప్రత్యేక ప్రదర్శనల వల్ల ఆఫ్ సీజన్ పాడవుతుందా?

కొన్నిసార్లు. లూవ్ర్‌లో పెద్ద ప్రదర్శనలు తరచుగా అక్టోబర్‌లో మొదలై జనవరిలోనో ఫిబ్రవరిలోనో ముగుస్తాయి. 2019 అక్టోబర్ 24 నుంచి 2020 ఫిబ్రవరి 24 దాకా మోనాలిసా చిత్రకారుడు లియొనార్డో మీద జరిగిన ప్రదర్శనకు 10 లక్షల మందికి పైగా వచ్చారు. నడి చలికాలంలోనే! అలాంటిది నడుస్తున్నప్పుడు చివరి రెండు వారాలకు దూరంగా ఉండండి. ‘ఇంక అయిపోతుంది’ అనగానే పారిస్ వాళ్లే ఎగబడతారు.

ఎన్ని గంటలు కేటాయించాలి? మధ్యలో బయటికి వెళ్లి రావచ్చా?

మూడున్నర గంటలు. అంతకు మించితే కళ్లు చూస్తాయి గానీ మనసుకు ఎక్కదు. బయటికి వెళ్తే అదే టికెట్‌తో మళ్లీ రానివ్వరు కాబట్టి విరామం లోపలే తీసుకోవాలి. కెఫేలున్నాయి, ధరలు ఎక్కువే. చలికాలంలో మధ్యాహ్నం ఒంటిగంటకు కూడా కూర్చునే చోటు దొరకడం వేసవితో పోలిస్తే సులువు. గ్యాలరీల్లో తినకూడదు.

పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లొచ్చా?

ఆఫ్ సీజన్‌లో వెళ్లడానికి అసలు వీళ్లే సరైనవాళ్లు. చిన్నపిల్లలకు గంటన్నర చాలు. కోట కందకం, స్ఫింక్స్, మమ్మీ, రెక్కల ఎద్దు, అంతే. చిత్రాల గదుల్లో వాళ్లను లాక్కుంటూ తిరగకండి.

మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలతో వెళ్తే సంకోచించకుండా వీల్‌చైర్ అడగండి, మ్యూజియంలో ఉచితంగానే ఇస్తారు. నడవగలిగినవాళ్లకైనా అవసరమే, ఎందుకంటే ఇక్కడ గదులన్నీ తిరిగే దూరం చూస్తుండగానే కిలోమీటర్లలోకి వెళ్తుంది. లిఫ్టులు ఉన్నాయి గానీ అన్నీ అన్ని అంతస్తులకూ వెళ్లవు. మొదట్లోనే మ్యాప్‌లో గుర్తు పెట్టుకోండి. ఒక భాగం చూసి వచ్చేస్తామని ముందే నిర్ణయించుకుంటే ఇంటిల్లిపాదికీ గొడవ ఉండదు.

ఫొటోలు తీయొచ్చా?

తీయొచ్చు. ఫ్లాష్, సెల్ఫీ స్టిక్ మాత్రం నిషేధం.

జేబుదొంగల సంగతేంటి?

ఉన్నారు, టికెట్ కొనుక్కుని మరీ లోపలికి వస్తారు. వాళ్ల బెడద భరించలేక 2013 ఏప్రిల్‌లో సిబ్బంది ఒక రోజు పని మానేస్తే మ్యూజియమే మూతపడింది. మోనాలిసా గదిలోనూ మెట్రోలోనూ బ్యాగు ముందుకు వేసుకోండి. చలికాలపు కోటు బయటి జేబులో ఫోన్ పెట్టకండి, ఆ మందంలో చెయ్యి పడినా తెలియదు.

గైడ్ అవసరమా?

మొదటిసారి వెళ్లేవాళ్లకు ఆడియో గైడ్ పనికొస్తుంది. మనిషి గైడ్ అయితే ఒక్క విషయం అడిగి తీసుకోండి: ఏ ఏ గదులకు తీసుకెళ్తారు? జవాబులో మోనాలిసా, వీనస్, విజయదేవత ఈ మూడే ఉంటే ఆ డబ్బు మిగుల్చుకోండి. ఆ మూడింటికీ దారి చూపే బోర్డులు అడుగడుగునా ఉంటాయి.

వెళ్లే రోజున సమ్మె అని తెలిస్తే?

చలికాలంలో పారిస్ వెళ్లేవాళ్లు దీనికి సిద్ధపడాలి. 2025 డిసెంబర్‌లో కూడా సిబ్బంది సమ్మెతో మ్యూజియం తలుపులు తెరుచుకోలేదు. బయల్దేరే ముందు ఉదయాన్నే మ్యూజియం వెబ్‌సైట్ తెరిచి చూడండి, పైనే రాసి ఉంటుంది. మామూలుగా టికెట్ రద్దు చేసుకుంటే డబ్బు రాదు, మ్యూజియమే మూసేస్తే తిరిగి ఇస్తారు. అందుకే లూవ్ర్‌ను పారిస్‌లో చివరి రోజుకు పెట్టుకోకండి. మొదటి లేదా రెండో రోజు అనుకుంటే, తప్పిపోయినా ఇంకో స్లాట్ దొరికే వీలుంటుంది.

ఆ రోజుకు చేతిలో ప్రత్యామ్నాయం ఒకటి ఉంచుకోండి. సోమవారం కాకపోతే ఓర్సే ఉంది, గురువారమైతే అది రాత్రి దాకా తెరిచి ఉంటుంది. మంగళవారం కాకపోతే చిత్రకారుడు మోనే కలువపూల చిత్రాలున్న ఒరాంజెరీ మ్యూజియం, లూవ్ర్ నుంచి ట్యూలరీ తోట గుండా నడిచి వెళ్లేంత దూరం. టికెట్ గొడవే వద్దనుకుంటే పెతీ పలే మ్యూజియం. శాశ్వత ప్రదర్శన ఉచితం, సోమవారం సెలవు, లోపలి తోట పక్కన కాఫీ కూడా దొరుకుతుంది.